వంటింటి నాపరాతి నేల: శుభ్రత, సంరక్షణ

సరిహద్దు గ్రామాలలో ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి కావచ్చును గాని, వంటింట్లో కాలి క్రింద పరచిన బండ మాత్రం చాలా ఇళ్ళలో ఒకటే. రాయలసీమ వారు దానిని కడప బండ అంటారు. బళ్ళారి, పావగడ వైపు కన్నడంలో కడప కల్లు అంటారు. హోసూరు వైపు తమిళంలో కడప్పా కల్ అంటారు. షోలాపూర్ వైపు మరాఠీలో శహాబాదీ ఫరశీ అన్నా, తెలంగాణ అంచున తాండూరు బండ అన్నా, వీటన్నింటి జాతి ఒక్కటే. అది నాపరాయి, అనగా పలకలుగా చీలే సున్నపురాయి.

ఈ రాతిని గూర్చి నేను నేర్చుకున్న మొదటి పాఠం పుస్తకంలోనిది కాదు. మా ఇల్లు కట్టినప్పుడు వంటింటికి నున్నగా సానబట్టిన నల్లని కడప బండలు వేయించాము. గృహప్రవేశానికి రెండు రోజుల ముందు, బండలపై అక్కడక్కడ సిమెంటు మరకలు మిగిలి ఉన్నవి. పని చేసిన మేస్త్రి, "యాసిడ్ పోసి కడిగించండి టీచరమ్మా, అద్దంలా వస్తుంది" అని సలహా ఇచ్చాడు. పోయించాము. తెల్లని నురుగు బుసబుసమని పొంగింది. మురికి పోతున్నదని సంతోషించాము. ఆరిన తరువాత చూస్తే నల్లని నేల బూడిద రంగుకు తిరిగి, చేయి పెడితే గరుకుగా తగిలింది. పోయినది మురికి కాదు, రాతి పైపొర. బడిలో పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు బోధించే నాకు ఆ రోజున నా పాఠమే గుర్తుకు రాలేదు.

నాపరాతి నేలను కాపాడుకోవడానికి గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. మరకను కరిగించే పులుపు రాయిని కూడా కరిగిస్తుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే విషయాలన్నీ ఆ సూత్రం నుండి పుట్టినవే.

మన నేల ఏ రాయి?

కడప, నంద్యాల జిల్లాలలో దొరికే పలక రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలుస్తారు. జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతాల గనుల నుండి ఇది లారీలలో పొరుగు రాష్ట్రాలకు వెళ్తుంది. శహాబాద్ పట్టణం కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉన్నది. తాండూరు తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలో ఉన్నది. ఈ రెండు చోట్ల దొరికే రాయి భీమా నది పేరుతో పిలువబడే ఒకే రాతి పొరల సమూహానికి చెందినది. గీత గీసినది రాష్ట్రాలే గాని రాయి కాదు. కడప రాయి నలుపు లేక ముదురు బూడిద రంగులోను, శహాబాద్ రాయి బూడిద రంగులోను, తాండూరు రాయి లేత నీలం, పసుపు రంగులలోను సాధారణంగా కనిపిస్తాయి.

అన్ని ఇళ్ళలోను నాపరాయే ఉండదు. కర్ణాటక, తమిళనాడు వైపు పాత ఇళ్ళలో ఎర్రని కావి గచ్చు ఉంటుంది. యానాంలోను, ఒడిశా సరిహద్దులోను సిమెంటు గచ్చు, మొజాయిక్, టైల్స్ విరివిగా ఉంటాయి. కావి గచ్చు, సిమెంటు గచ్చు, మొజాయిక్ కూడా పులుపుకు లొంగేవే. సిమెంటులోను, మొజాయిక్‌లోని పాలరాతి ముక్కలలోను సున్నపు పదార్థమే ఉన్నది. పింగాణీ టైలు మాత్రం మామూలు పులుపుకు చెక్కు చెదరదు. అయితే టైళ్ళ నడుమ నింపిన సిమెంటును ఆమ్లం తింటుంది. అందువలన ఇక్కడ చెప్పే జాగ్రత్తలు వారికి కూడా చాలావరకు పనికివస్తాయి.

నల్లని కడప రాయికి, నల్లని గ్రానైటుకు తేడా తెలియక చాలామంది పొరబడతారు. తెలుసుకొనే మార్గం సులభం. కనబడని మూలలో, లేదా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ముక్క మీద, ఒక చుక్క నిమ్మరసం వేసి ఐదు నిమిషాలు ఉంచి తుడవండి. మెరుపు పోయి తెల్లని మచ్చ పడితే అది సున్నపురాయి. ఏ మార్పూ లేకపోతే గ్రానైటు. పిల్లల చేత చేయిస్తే వారికి ఒక సైన్సు పాఠం కూడా అవుతుంది. నడిమింట మాత్రం చేయవద్దు, పడిన మచ్చ తుడిస్తే పోయేది కాదు.

రాతి స్వభావం

నాపరాతిలో ప్రధానమైనది కాల్షియం కార్బొనేటు. గుడ్డు పెంకు, ముత్యపు చిప్ప, బోరు నీటి గిన్నెకు పట్టే తెల్లని గార కూడా ప్రధానంగా ఈ పదార్థమే. దీనిపై ఆమ్లం పడితే అది కరిగి, కార్బన్ డయాక్సైడు వాయువు వెలువడుతుంది. మా వంటింట్లో పొంగిన నురుగు అదే.

మన వంటలో పులుపు లేని పూట ఉండదు. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం, మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం, వినిగరులో ఎసిటిక్ ఆమ్లం ఉంటాయి. ఇవి బలహీనమైన ఆమ్లాలే గాని, సానబట్టిన రాతి మీద మచ్చ వేయడానికి కొద్ది నిమిషాల కాలం చాలు.

రెండవ స్వభావం, ఈ రాయి మెత్తనిది. ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుండి 10 వరకు గుర్తించే మోస్ కొలతలో సున్నపురాతిలోని కాల్సైటు స్థానం 3. ఇసుకలోని క్వార్ట్జు స్థానం 7. అనగా చెప్పులకు అంటి వచ్చిన ఇసుక రేణువు బండను గీరగలదు, బండ ఇసుకను గీరలేదు. నేల మెరుపు పోవడానికి యాసిడ్ తరువాత పెద్ద కారణం ఈ ఇసుకే.

మూడవ స్వభావం, రాయి త్రాగుతుంది. కంటికి కనబడని సన్నని రంధ్రాల ద్వారా నూనె, పసుపు నీరు లోపలికి ఇంకుతాయి. ఒక నీటి చుక్క వేసి చూడండి. కొద్ది నిమిషాలలో క్రింద రాయి ముదురు రంగుకు మారితే, అది త్రాగే రాయి అని అర్థం. అటువంటి నేల మీద ఏది ఒలికినా ఆలస్యం చేయరాదు.

నిత్య శుభ్రత

తడి గుడ్డ కంటే ముందు చీపురు పట్టాలి. ఇసుక ఉండగా తడి గుడ్డ వేసి రుద్దితే, గుడ్డ ఉప్పుకాగితం పని చేస్తుంది. కొండ చీపురుతో మెత్తగా ఊడ్చి, ఆ తరువాతనే తుడవాలి. వంటింటి గుమ్మం బయట ఒక గోనెపట్టా వేసి, చెప్పులు అక్కడే విడిచే అలవాటు చేసుకుంటే సగం పని తగ్గుతుంది.

తుడిచే నీటిలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు అర బకెట్టుకు ఒక చెంచా చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు. సబ్బు పొర నేల మీద మిగిలి, దానికి దుమ్ము అంటుకొని, కాలు జారుతుంది. సబ్బు నీటితో తుడిచిన తరువాత మంచి నీటితో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవాలి. పొడి గుడ్డతో తుడవడం మూడవ పనిగా కనిపించినా, బోరు నీరు వాడే మన ఊళ్ళలో అదే ముఖ్యమైన పని. దాని కారణం క్రింద చెప్పబడినది.

సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉన్న నేల ద్రవాలు కొనేముందు వెనుక వైపు చదవండి. కొన్నింటిలో ఉన్నది నిమ్మ వాసన మాత్రమే, కొన్నింటిలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. పాలరాతికి వాడరాదని వ్రాసి ఉంటే నాపరాతికి కూడా వాడరాదు. బట్టల సోడాను గాఢంగా కలిపి రోజూ వాడడం కూడా మంచిది కాదు, చేతుల చర్మం పాడవుతుంది, నేల మీద తెల్లని పొడి మిగులుతుంది.

నేల మెరవాలని కొందరు కిరోసిన్‌తో తుడుస్తారు. పొయ్యి ఉన్న గదిలో కిరోసిన్ తడి గుడ్డ అంటే నిప్పును పిలవడమే. ఆ పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టాలి.

మరకలు: ఏది ఎలా పోతుంది

పులుపు మరక. రసం, పులుసు, మజ్జిగ, నిమ్మరసం ఒలికితే వెంటనే గుడ్డతో అద్ది తీసి, నీటితో రెండుసార్లు తుడవాలి. రుద్దుతూ వ్యాపింపజేయరాదు. ఇక్కడ ఒక సంగతి మన ఆడవారు ప్రత్యేకంగా గమనించాలి. పండుగ ముందు రోజున ఇత్తడి, రాగి పాత్రలను వంటింటి నేల మీద ముందు పెట్టుకొని చింతపండుతో తోముతాము. పాత్రలు తళతళలాడతాయి, వాటి క్రింద బండ మాత్రం చుట్టలు చుట్టలుగా తెల్లబడుతుంది. ఆ పని పెరట్లో చేసుకోవడం మంచిది. వీలు లేకపోతే క్రింద ప్లాస్టిక్ తొట్టి పెట్టుకోవాలి. ఆవకాయ పెట్టే రోజులలో కూడా జాడీల క్రింద పీట గాని, మందమైన పట్టా గాని వేయాలి.

నూనె మరక. ఒలికిన వెంటనే శనగపిండి గాని, బియ్యపు పిండి గాని చల్లి, పీల్చుకున్న తరువాత ఊడ్చి, సబ్బు నీటితో తుడవాలి. పాతబడి ముదురు మచ్చగా మారిన నూనెకు పట్టు వేయాలి. సుద్దపొడిని గాని, ముల్తానీ మట్టిని గాని వంట సోడాతో, కొద్ది నీటితో కలిపి అట్ల పిండి కంటే గట్టిగా చేసి, మచ్చ మీద అర అంగుళం మందంగా పూయండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, సూదితో నాలుగు రంధ్రాలు పొడిచి, ఒక రోజు ఉంచండి. తరువాత కాగితం తీసి పూర్తిగా ఆరనివ్వండి. ఆరేటప్పుడే పట్టు నూనెను పైకి లాగుతుంది. ఒకసారికి పోకపోతే మళ్ళీ వేయవచ్చు.

పసుపు మరక. పసుపు మీద సబ్బు పడగానే ఎర్రబడడం అందరూ చూసినదే. సబ్బు క్షారం కనుక అలా మారుతుంది, భయపడవలసినది లేదు. నీటితో కడిగితే ఆ ఎరుపు తగ్గుతుంది. మిగిలిన పసుపుదనం ఎండకు క్రమంగా వెలిసిపోతుంది. కిటికీ ఎండ పడే చోటనైతే ఓపిక పట్టడమే మందు. దానిని తీయడానికి నిమ్మకాయ రుద్దితే పసుపు పోకమునుపే మెరుపు పోతుంది.

తుప్పు మరక. గ్యాస్ సిలిండరు అడుగున గుండ్రంగా పడే ఎర్రని వలయం అందరి ఇళ్ళలోను ఉన్నదే. ఇది రాతిలోకి దిగితే తీయడం కష్టం. బజారులో దొరికే తుప్పు మందులలో సాధారణంగా ఆమ్లమే ఉంటుంది కనుక తుప్పుతో పాటు మెరుపు కూడా పోతుంది. సిలిండరును చక్రాల బండి మీద గాని, పాత రబ్బరు పట్టా మీద గాని నిలిపి, ఆ చోటును పొడిగా ఉంచడం ఒక్కటే సరైన మార్గం.

బోరు నీటి గార. అనంతపురం, పావగడ, కోలారు వంటి మెట్ట ప్రాంతాలలో లోతైన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికం. నీరు ఆవిరైన చోట అవి తెల్లని పొరగా మిగులుతాయి. కొళాయి క్రింద, కుండ పెట్టే చోట ఈ గార కడుతుంది. ఇక్కడే మన సూత్రం బాగా బోధపడుతుంది. గార కూడా కాల్షియం కార్బొనేటే, బండ కూడా కాల్షియం కార్బొనేటే. గారను మాత్రమే కరిగించి బండను విడిచిపెట్టే పులుపు ఏదీ లేదు. కాబట్టి గార కట్టకముందే పొడి గుడ్డతో తుడవాలి. కట్టిన గారను నానబెట్టి, చెక్క ముక్కతో గాని, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గాని మెల్లగా గీకాలి. ఇనుప గరిటె వాడరాదు.

పోయిన మెరుపు తిరిగి రావాలంటే

పులుపు మచ్చ మురికి కాదు, గాయం. ఎంత కడిగినా పోదు. చిన్న మచ్చ అయితే రంగుల దుకాణంలో వాటర్ పేపరు అని అడిగి 400, 600, 1000 నంబర్లవి ఒక్కొక్కటి తెచ్చుకోండి. నంబరు పెరిగే కొద్దీ కాగితం మెత్తన. నీరు చల్లుతూ 400 తో మొదలుపెట్టి, గుండ్రంగా, తేలిక చేతితో రుద్ది, కడిగి, తరువాతి నంబరు వాడాలి. మొదట చిన్న చోట చేసి చూసుకోవాలి. పొడిగా రుద్దరాదు, రాతి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చివర రెండు చుక్కల కొబ్బరి నూనె మెత్తని గుడ్డతో పూస్తే కడప రాయి తిరిగి నలుపు తేరుతుంది. అరుగులకు, గూళ్ళ బండలకు, వంట గట్టు అంచులకు ఇది చక్కగా పనికివస్తుంది. నడిచే నేలకు మాత్రం నూనె రాయాలంటే ఆలోచించాలి. రాత్రి పలుచగా పూసి, ఉదయం పొడి గుడ్డకు ఏమీ అంటనంత వరకు తుడవాలి. ముసలివారు, గర్భిణులు ఉన్న ఇంట్లో నేలకు నూనె అసలు వద్దు. మెరిసే నేల కంటే కాలు జారని నేల మేలు.

గది అంతా మసకబారితే చేతితో సాధ్యం కాదు. యంత్రంతో సానబట్టే పనివారిని పిలవాలి. మా నేలకు చివరకు అదే చేయించవలసి వచ్చినది. పని మొదలుపెట్టక ముందే "చివర యాసిడ్‌తో కడగవద్దు" అని వారికి స్పష్టంగా చెప్పండి. కొత్త ఇల్లు కట్టేవారు మేస్త్రికి కూడా ఇదే మాట ముందుగా చెప్పాలి. బండల మీద పడిన సిమెంటును పచ్చిగా ఉన్నప్పుడే తడి గుడ్డతో తీసివేస్తే యాసిడ్ అవసరమే రాదు. సానబట్టే పని మిగిలి ఉన్న బండలైతే, ఎండిన సిమెంటు మరక ఆ సానతోనే పోతుంది.

సందులు, చెమ్మ

బండల నడుమ సందులలో నింపిన సిమెంటు ఊడితే అక్కడ తడి, మెతుకులు చేరి చీమలకు, బొద్దింకలకు నిలయమవుతుంది. నెలకొకసారి మోకాళ్ళ మీద కూర్చొని సందులు చూసుకోవాలి. ఊడిన చోట పాత పొడిని గీకి తీసి, తడిపి, సిమెంటును ముద్దగా కలిపి నింపి, పైన మిగిలినది వెంటనే తుడవాలి. నల్లని బండలైతే సిమెంటులో నలుపు రంగు పొడి కలుపుకోవచ్చు. రెండు మూడు రోజులు ఆ చోటును తడిగా ఉంచితే గట్టిపడుతుంది.

వానాకాలంలో బండల అంచుల వెంట తెల్లని ఉప్పు పొడి తేలడం కొన్ని ఇళ్ళలో కనిపిస్తుంది. ఇది పై నుండి వచ్చిన మురికి కాదు. క్రింది నేలలోని చెమ్మ, లవణాలను మోసుకొని పైకి వచ్చి ఆరిపోగా మిగిలినది. దానిని నీటితో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే ఇంకుతుంది. పొడి చీపురుతో ఊడ్చి బయట పారవేయాలి. కిటికీలు తెరచి గాలి ఆడనివ్వాలి. ఇంటి చుట్టూ వాన నీరు నిలువకుండా కాలువ తీయాలి. చెమ్మ ఉన్న నేలకు రంగు గాని, మెరుపు పూత గాని వేస్తే ఆ చెమ్మ లోపలే చిక్కి, పూత పొరలుగా లేస్తుంది.

ప్రక్కనే ఉన్న స్టీలు సింకు

వంటింట్లో నేలకు చెప్పిన నియమం స్టీలుకు పూర్తిగా వర్తించదు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడి, ఇనుమును తుప్పు నుండి కాపాడుతుంది. గీత పడినా, గాలి తగిలితే ఆ పొర తిరిగి ఏర్పడుతుంది. నిమ్మచెక్కతో సింకు గారను రుద్ది వెంటనే కడిగితే స్టీలుకు హాని లేదు. అదే నిమ్మరసం క్రింద బండ మీద కారితే బండకు హాని. సింకు తోమేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

స్టీలుకు శత్రువు క్లోరిన్ జాతి. ఉప్పు నీరు రాత్రంతా నిలిచినా, బ్లీచింగ్ నీరు ఆరిపోయినా, యాసిడ్ ఆవిరి తగిలినా ఆ పొర చెడి, చిన్న చిన్న గుంటలుగా తుప్పు పడుతుంది. నేలకు యాసిడ్ పోసిన వారం రోజులకు సింకు మీద, కొళాయి మీద గోధుమ రంగు చుక్కలు కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. మూత లేని యాసిడ్ సీసాను సింకు క్రింద అలమారాలో ఉంచినా ఇదే జరుగుతుంది. ఇనుప పీచుతో తోమితే ఇనుప నలుసులు స్టీలుకు అంటుకొని అవే తుప్పు పడతాయి. మెత్తని పీచుతో, స్టీలు గీతల వెంట తోమి, కడిగి, పొడిగా తుడవడం చాలు.

నేల కంటే విలువైనది

ఇంతవరకు చెప్పినది బండ గూర్చి. ఇకపై చెప్పేది ప్రాణం గూర్చి.

మరుగుదొడ్డి శుభ్రానికి వాడే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దానిని బ్లీచింగ్ పౌడరుతో గాని, బ్లీచింగ్ ద్రవంతో గాని కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో బెల్జియం దేశంలోని ఈప్ర్ వద్ద సైనికులపై విడిచినది ఈ వాయువునే. ఆ వాయువును మూసిన వంటింట్లో, పసిపిల్లల నడుమ, మనం తెలియక తయారు చేసుకుంటున్నాము. ఒకటి సరిగా పని చేయలేదని దాని మీద మరొకటి పోయడం వలననే ఈ ప్రమాదం జరుగుతుంది. బ్లీచింగ్‌ను అమ్మోనియా ఉన్న ద్రవాలతో కలిపినా విషవాయువు వెలువడుతుంది. శుభ్రం చేసే మందులు ఏ రెండింటినీ కలుపరాదు.

వాసన ఘాటుగా ముక్కుకు తగిలి, కళ్ళు మండి, దగ్గు వస్తే బకెట్టును సర్దుతూ నిలబడవద్దు. అందరూ వెంటనే బయటి గాలిలోకి రావాలి. దారిలో తలుపులు తెరిచి ఉంచాలి. ఊపిరి ఆడకపోయినా, దగ్గు ఆగకపోయినా 108 కు ఫోను చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళాలి. సరిహద్దుకు ఏ వైపు ఆసుపత్రి దగ్గర అయితే ఆ వైపుకే వెళ్ళాలి.

యాసిడ్ చర్మం మీద గాని, కంటిలో గాని పడితే ధారగా పోసే మంచి నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి. తడిసిన బట్టలు తీసివేయాలి. పసుపు, పేస్టు, సున్నం వంటివి పూయరాదు. కంటికి తగిలితే కడిగిన తరువాత డాక్టరుకు తప్పక చూపించాలి. ఎవరైనా మ్రింగితే వాంతి చేయించరాదు. లోపలికి పోయేటప్పుడు కాల్చినది బయటికి వచ్చేటప్పుడు మరల కాలుస్తుంది. సీసాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కిరాణా దుకాణంలో యాసిడ్‌ను పాత నీళ్ళ సీసాలలో, చల్లని పానీయాల సీసాలలో పోసి ఇవ్వడం మన ఊళ్ళలో కనిపించేదే. దాహం వేసిన పిల్లవానికి అది నీరు గానే కనిపిస్తుంది. యాసిడ్ చిల్లర అమ్మకాన్ని కట్టడి చేయాలని 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించినది. కొనేవారి వివరాలు వ్రాసుకోవాలని, 18 సంవత్సరాల లోపు వారికి అమ్మరాదని చెప్పినది. చట్టం ఏమి చెప్పినా, సరకుల చీటీలో యాసిడ్ వ్రాసి పిల్లవాని చేతికి ఇచ్చి పంపేది మనమే. ఆ అలవాటు మానాలి. మరుగుదొడ్డికి తప్పనిసరి అయితే అసలు సీసాలోనే కొని, మూత గట్టిగా బిగించి, వంటింటికి దూరంగా, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంచాలి. వంటింటి నాపరాతికి దాని అవసరం ఏనాడూ లేదు.

గుర్తుంచుకోవలసినవి

రోజూ: ముందు ఊడ్చడం, తరువాత కొద్ది సబ్బు నీరు, తరువాత మంచి నీరు, చివర పొడి గుడ్డ.

వారానికొకసారి: పొయ్యి వెనుక, సిలిండరు క్రింద, సింకు క్రింద కదిపి తుడవడం.

నెలకొకసారి: సందులు చూసి, ఊడినవి నింపడం.

ఎప్పుడూ కూడనివి: నేల మీద నిమ్మ, చింతపండు, వినిగరు, యాసిడ్, ఇనుప పీచు, కిరోసిన్, రెండు మందుల కలయిక.

మా వంటింట్లో సానబట్టించిన తరువాత నేల నలుపు తేరినది గాని, పొయ్యి మూలన యంత్రం అందని ఒక జానెడు చోట ఆనాటి బూడిద రంగు అలాగే ఉన్నది. దానిని నేను దాచలేదు. ఇంటికి వచ్చిన కొత్త కోడళ్ళు, మా బడి పిల్లలు అదేమిటని అడిగినప్పుడల్లా ఈ కథ చెబుతాను. ఆమ్లం, క్షారం పాఠం వారికి నల్లబల్ల మీద కంటే ఆ బండ మీద బాగా అర్థమవుతున్నది.